వంటలక్క లేని కార్తీకదీపం: సీరియల్ ఎక్కడ పడిపోతుంది, ఎలా లేస్తుంది

2022 మార్చిలో ‘కార్తీకదీపం’ సీరియల్‌లో భార్యాభర్తలు దీప, కార్తీక్ ఇద్దరూ యాక్సిడెంట్‌లో చనిపోయారు. రాత్రి ఏడున్నరకు స్టార్ మా పెట్టుకుని నాలుగేళ్లకు పైగా వాళ్లిద్దరి కోసమే కూర్చున్న జనానికి, ఆ తర్వాత వాళ్ల కూతుళ్లు పెద్దవాళ్లయిన కథ కనిపించింది. హిమ డాక్టరైంది. సౌర్య జ్వాల అనే పేరుతో ఆటో నడుపుతోంది. కొత్తగా వచ్చిన నటీనటులు బాగానే చేశారు, కథలో గొడవలకూ కొదవ లేదు. అయినా రేటింగ్ నిలబడలేదు. కొన్ని నెలలకే దీప బతికే ఉందని, ఇన్నాళ్లూ కోమాలో ఉందని చూపించాల్సి వచ్చింది. కార్తీక్ కూడా తిరిగొచ్చాడు, గతం మర్చిపోయి, విలన్ మోనిత చేతిలో చిక్కుకుని. 2023 జనవరి 23న 1569వ ఎపిసోడ్‌తో సీరియల్ ముగిసింది.

సీరియల్ పడిపోతున్నప్పుడు ఛానెల్ వాళ్లూ, ఏళ్ల తరబడి చూస్తున్న ప్రేక్షకులూ ఒకే సమస్యను రెండు రకాలుగా చూస్తారు. ఛానెల్‌కి ముందు కనిపించేది తగ్గిన అంకె. దాన్ని లేపాలంటే ఒక చావో, ఒక కిడ్నాపో, ఇరవై ఏళ్లు ముందుకు దూకడమో, ఇంకో విలనో కావాలనిపిస్తుంది. పాత ప్రేక్షకులు అడిగేది ఇప్పటిదాకా జరిగినదానికి ఫలితం. మోసం చేసిన మనిషి దొరకాలి, నిజం తెలిసిన మనిషి మారాలి, ఏడ్చిన మనిషికి ఒక రోజు రావాలి. వాళ్లు ఇచ్చే సలహాలు ఎన్ని విన్నా చివరికి ఈ కోరిక దగ్గరికే వస్తాయి. ఈ విషయంలో వాళ్ల మాటే సరైనదని టీవీ చరిత్ర చాలాసార్లు చూపించింది.

‘కార్తీకదీపం’ 2017 అక్టోబర్ 16న మొదలైంది. దీనికి మూలం ఏషియానెట్‌లో వచ్చిన మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’. తెలుగులో దీపగా చేసిన ప్రేమీ విశ్వనాథే అక్కడా మొదట్లో నాయిక. అదే కథ తమిళంలో ‘భారతి కన్నమ్మ’గా, మరాఠీలో ‘రంగ్ మాఝా వేగళా’గా వచ్చింది. నల్లగా ఉన్నందుకు చిన్నప్పటి నుంచీ మాటలు పడిన అమ్మాయి దీప. ఆమెను ఇష్టపడి పెళ్లి చేసుకున్న డాక్టర్ కార్తీక్. రంగు చూసి కోడల్ని ఈసడించుకునే అత్త సౌందర్య. డాక్టర్ని తనవాణ్ణి చేసుకోవాలని చూసే మోనిత. పిల్లలు పుట్టే అవకాశమే లేదని మోనిత కార్తీక్‌ని నమ్మిస్తుంది, దాంతో దీప కడుపులో బిడ్డ మీద అతనికి అనుమానం పుడుతుంది. దీప ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. కవలల్లో ఒక పిల్ల తల్లి దగ్గర, ఇంకో పిల్ల తండ్రి దగ్గర పెరుగుతారు.

ఈ కథలో పాతకాలపు మెలోడ్రామా చాలా ఉంది. కానీ దాని కింద ఉన్నవన్నీ మన ఇళ్లలో తెలిసిన సంగతులు. సంబంధం చూడటానికి వచ్చినప్పుడు పిల్ల రంగు గురించి వినిపించే మాట, మొగుడి అనుమానం, నాలుగిళ్లలో వంట చేసి బిడ్డను పెంచుకునే ఒంటరి తల్లి. జనం దీపని ‘వంటలక్క’ అని, నిరుపమ్ పరిటాల చేసిన కార్తీక్‌ని ‘డాక్టర్ బాబు’ అని పిలుచుకున్నారు. 2020లో ఐపీఎల్ మ్యాచ్‌లు సరిగ్గా ఈ సీరియల్ టైమ్‌కే రావడంతో ఇంట్లో ఒక్క టీవీ కోసం గొడవవుతోందని ఒక కుర్రాడు ట్విట్టర్‌లో మొరపెట్టుకుంటే, నిరుపమే ఆ ఇంటికి ఇంకో టీవీ కొనిచ్చారు. అంత దగ్గరగా చూసిన సీరియల్ ఇది.

ఈ సీరియల్‌లో అన్నిటికంటే బాగా రాసిన ప్రయాణం సౌందర్యది. కోడలి నల్లదనాన్ని భరించలేని మనిషి, తన తప్పు తెలుసుకుని అదే కోడలికి అండగా నిలబడి, కొడుకునే నిలదీసే స్థితికి వస్తుంది. ఆ మార్పు ఒక్క రోజులో రాలేదు, వచ్చాక వెనక్కి పోలేదు. ప్రేక్షకులు అడిగే ఫలితం అంటే ఇదే. అప్పటిదాకా ఎన్ని ఎపిసోడ్లు అత్తను తిట్టుకున్నారో, వాటన్నిటికీ విలువ వచ్చింది.

కార్తీక్ విషయంలో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగింది. నిజం అతనికి తెలియడానికి ఏళ్లు పట్టింది. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే కొన్ని రోజుల్లో తేలే సంగతి, పైగా ఆయనే పెద్ద డాక్టరు. చూసేవాళ్లు ఈ ప్రశ్న మొదటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. నిజం బయటపడబోయే ప్రతిసారీ ఏదో ఒక అడ్డం. అలా రహస్యాన్ని కాపాడటం కోసం కథలో మంచివాళ్లందరినీ తెలివితక్కువ వాళ్లను చేయాల్సి వచ్చింది. సీరియల్‌కి అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది. విలన్ ఎంత దుర్మార్గం చేసినా జనం భరిస్తారు. తాము ప్రేమించే మనిషికి బుర్ర లేదని రోజూ చూపిస్తే భరించడం కష్టం.

ఆ రోజుల్లో రేటింగ్ మాత్రం తగ్గలేదు, రెండంకెల్లోనే ఉండేది. అందుకే ఎవరికీ ప్రమాదం కనిపించలేదు. రేటింగ్ కంటే నమ్మకం ముందే పడిపోతుంది. నిజం తెలిసే రోజు చూడాలని జనం పళ్లు బిగబట్టుకుని కూర్చుంటారు. ఆ రోజు వచ్చి వెళ్లాక, తర్వాత ఏమీ లేదని అర్థమైతే ఒక్కసారిగా లేచిపోతారు. బయటికి అది హఠాత్తుగా జరిగినట్టు కనిపిస్తుంది, లోపల మాత్రం చాలాకాలంగా జరుగుతూ ఉంటుంది.

నిజానికి ఆ రోజు తర్వాతే అసలైన కథ ఉంది. పదేళ్లు అనుమానించిన భర్తని దీప క్షమించగలదా? క్షమించినా ఒకే ఇంట్లో మామూలుగా ఉండగలదా? తల్లి దగ్గర పేదరికంలో పెరిగిన పిల్ల, తండ్రి దగ్గర గారాబంగా పెరిగిన పిల్ల, ఒకే గదిలో పడుకుంటే ఏం మాట్లాడుకుంటారు? సొంత సంపాదన మీద బతికిన ఆడమనిషి మళ్లీ అత్తారింటి కోడలిగా మారుతుందా, లేక తన వంట పని వదలనంటుందా? వీటిలో ఒక్కో ప్రశ్నకి నెలల తరబడి సన్నివేశాలు దొరికేవి. వీటిని పైపైన తాకి, మోనిత కడుపులో బిడ్డకి కార్తీకే తండ్రి అనే కొత్త ముడి వేశారు. పాత అనుమానం పోయిన చోటే ఇంకో అనుమానం. దాంతో కథ మళ్లీ మొదటికొచ్చింది. అదీ అలిసిపోయాక యాక్సిడెంట్ వచ్చింది.

ముఖ్యమైన పాత్రని చంపేసి, జనం లేరని తెలిశాక వెనక్కి తేవడం మన దగ్గరే మొదలవ్వలేదు. అమెరికాలో ‘డాలస్’ సీరియల్‌లో బాబీ యూయింగ్‌ని 1985లో చంపేశారు. ఆ పాత్ర చేసిన పాట్రిక్ డఫీ సీరియల్ వదిలేయడమే కారణం. ఏడాది తిరిగేసరికి ఆయన్ని మళ్లీ పిలిచి, బాబీ బాత్రూమ్‌లో స్నానం చేస్తూ కనిపించినట్టు చూపించి, మధ్యలో జరిగిన సీజన్ అంతా అతని భార్య పామ్ కన్న కల అన్నారు. ‘డాలస్’ 1991 దాకా నడిచింది గానీ పాత వైభవం మళ్లీ రాలేదు. బాబీ రావడం జనానికి ఇష్టమే. ఆ ఏడాదంతా తాము పడిన బాధ, ఏడ్చిన ఏడుపు జరగనే లేదని చెప్పడం వాళ్లకు నచ్చలేదు. ‘కార్తీకదీపం’లో కోమా, మతిమరుపు చేసిన పని కూడా అదే. చచ్చిపోయిన మనిషి తిరిగి రావచ్చని ఒకసారి తెలిశాక, ఆ సీరియల్‌లో ఇంకెవరి ప్రాణానికి ప్రమాదం వచ్చినా గుండె దడదడలాడదు.

షాక్ ఎప్పుడూ పనికిరాదని అనడం మాత్రం నిజం కాదు. ఇంగ్లండ్‌లో ‘ఎమర్‌డేల్’ ఒక పల్లెటూరి రైతు కుటుంబాల కథగా నెమ్మదిగా నడిచేది. దాన్ని లేపడానికి రచయిత, నిర్మాత ఫిల్ రెడ్‌మండ్‌ని పిలిచారు. 1993 డిసెంబర్ 30న ఊరి మీద విమానం కూలిన ఎపిసోడ్ వేశారు. కోటీ ఎనభై లక్షల మంది దాకా చూశారు. అంతటితో దులిపేసుకుని పోలేదు. చనిపోయినవాళ్ల కోసం ఊరు ఏడ్చింది, బతికినవాళ్ల జీవితాలు మారిపోయాయి, పోయినవాళ్ల గుర్తుగా కథలో ఊరి పేరే మార్చారు. అంతకంటే ముఖ్యంగా, ఊరినీ, జనం ఏళ్లుగా చూస్తున్న ప్రధాన కుటుంబాలనూ అలాగే ఉంచారు. ఆ సీరియల్ ఇప్పటికీ నడుస్తోంది. దెబ్బ ఎంత పెద్దదైనా పరవాలేదు, అది పాత కుటుంబాల మీద పడాలి, ఆ నొప్పి నెలల తరబడి కనిపించాలి. కుటుంబాన్నే తీసేస్తే దెబ్బ తగలడానికి ఎవరూ మిగలరు.

రెండో తరం కథలు చాలాచోట్ల దెబ్బతినేది కూడా ఇక్కడే. కొత్త జంటను తెచ్చి, పాత జంటను ఒకే వారంలో తీసేస్తారు. అమెరికాలో ‘యాజ్ ది వరల్డ్ టర్న్స్’కి 1985 నుంచి 1993లో చనిపోయేదాకా రచయితగా పనిచేసిన డగ్లస్ మార్లండ్, సీరియల్‌ని పాడుచేయకుండా ఉండటానికి కొన్ని సూత్రాలు చెప్పారు. ఆయన పోయిన కొద్ది వారాలకు ఒక సీరియల్ పత్రికలో అచ్చయ్యాయి. కొత్తగా వచ్చిన రచయిత ముందు ఆ సీరియల్ చూడాలి, దాని చరిత్ర తెలుసుకోవాలి, ప్రేక్షకులు రాసే ఉత్తరాలు చదవాలి, మూల పాత్రల స్వభావం మార్చకూడదు, కొత్త పాత్రలను మెల్లగా పెంచాలి, ఆరు నెలల దాకా ఎవరినీ తీసేయకూడదు. ముప్పై ఏళ్లు దాటినా వీటికి వంక పెట్టలేం. వీటిలో అర్ధభాగం పాత ప్రేక్షకులు ఊరికే ఇచ్చే సలహాలే.

దీప, కార్తీక్ బతికుండగానే హిమ, సౌర్య పెద్దవాళ్లయి ఉంటే ఎలా ఉండేదో ఊహించడం కష్టమేమీ కాదు. కూతురికి సంబంధం చూసేటప్పుడు అవతలివాళ్లు రంగు గురించి మాట్లాడితే దీప ఏం చేస్తుంది? ఒకప్పటి తన మాటలే ఇంకో అత్త నోట వింటే సౌందర్యకి ఎలా ఉంటుంది? అల్లుడు కూతుర్ని అనుమానిస్తే కార్తీక్ ఏ ముఖం పెట్టుకుని బుద్ధి చెబుతాడు? రంగు గురించి మొదలైన సీరియల్ మధ్యలో ఆ సంగతే మర్చిపోయింది. మళ్లీ అక్కడికి రావడానికి పెళ్లీడుకొచ్చిన కూతుళ్లకంటే మంచి దారి లేదు. కొత్త ప్రేక్షకులు పిల్లల కోసం, పాతవాళ్లు పెద్దల కోసం చూసేవారు. తరం మారడం అంటే పాత తరాన్ని తుడిచేయడం అనుకోవడం వల్లే ఈ అవకాశం పోయింది.

స్టార్ మాలోనే ‘గుప్పెడంత మనసు’కి ఇలాంటి కష్టమే వచ్చింది. 2020 డిసెంబర్‌లో మొదలైన ఆ సీరియల్‌ని కుర్రకారు కూడా చూశారు. రిషి, వసుధార ప్రేమతో పాటు, కొడుకు రిషితో అమ్మా అని పిలిపించుకోవాలని తపించే జగతి కథ దాని బలం. జగతి చనిపోయింది, తర్వాత రిషి కొన్ని నెలల పాటు తెర మీద కనిపించలేదు. మళ్లీ రంగా అనే పేరుతో ఆటో డ్రైవర్‌గా వచ్చేసరికి చాలామంది చూడటం మానేశారు. 2024 ఆగస్టులో సీరియల్ అయిపోయింది. నటుడు అందుబాటులో లేకపోవడం రచయితల చేతిలో ఉండదు. అలాంటప్పుడు మిగిలినవాళ్ల మధ్య బంధాన్ని పెంచాలి. రిషి తండ్రి మహేంద్ర, వసుధార ఇద్దరూ ఒకే మనిషి కోసం ఎదురుచూసే మామాకోడళ్లు. ఆ ఎదురుచూపులోనే కావలసినంత కథ ఉంది. ఎప్పటికప్పుడు కొత్త విలన్లను దింపడం వల్ల అది వెనక్కిపోయింది.

పూర్తిగా మునిగిపోయే దశలో ఒక సీరియల్ లేచిన ఉదాహరణ చెప్పాలంటే ‘జనరల్ హాస్పిటల్’ చెప్పుకోవాలి. 1963 నుంచి అమెరికా ఛానెల్ ఏబీసీలో వస్తున్న ఈ సీరియల్‌ని 1970ల చివర్లో ఆపేద్దామనుకున్నారు. ఆఖరి ప్రయత్నంగా నిర్మాత గ్లోరియా మాంటీకి అప్పగించారు. ఆమె సన్నివేశాలను చిన్నవి చేసి వేగం పెంచారు, లైటింగ్ మార్చారు, కుర్ర పాత్రలకు చోటిచ్చారు. ఆస్పత్రిని, పాత డాక్టర్లనూ నర్సులనూ మాత్రం ఉంచారు. 1981 నవంబర్‌లో లూక్, లారాల పెళ్లి ఎపిసోడ్‌ని దాదాపు మూడు కోట్ల మంది చూశారు. ఆ జంట కథ అతను ఆమె మీద చేసిన అత్యాచారంతో మొదలవడం మీద విమర్శలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి, అవి న్యాయమైనవే. కానీ సీరియల్ నడకని మార్చడం, దాని మనుషుల్ని మార్చడం వేర్వేరు పనులని మాంటీకి తెలుసు.

‘గైడింగ్ లైట్’ దీనికి రెండో వైపు. 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకి వచ్చిన సీరియల్ అది. ఖర్చు తగ్గించుకోవడానికి 2008లో చేతిలో పట్టుకునే చిన్న కెమెరాలతో, న్యూజెర్సీలోని పీపాక్ అనే ఊళ్లో బయట తీయడం మొదలుపెట్టారు. తెర మీద రూపం పూర్తిగా మారింది. ప్రేక్షకులు పెరగలేదు. 2009 సెప్టెంబర్ 18న ఆపేశారు. అలవాటైన ఇల్లు కనిపించకుండా పోవడం చాలామందికి నచ్చలేదు, కథ మీద ఉన్న అసంతృప్తి కెమెరా మార్చితే పోలేదు.

తెలుగు సీరియళ్లను రాసేవాళ్ల మీద ఉన్న ఒత్తిడి చిన్నది కాదు. వారానికి ఆరు ఎపిసోడ్లు, ఒక్కోదానికి ఇరవై నిమిషాలకు పైగా కథ. టీవీ ప్రేక్షకుల్ని లెక్కగట్టే బార్క్ సంస్థ గురువారం ఇచ్చే టీఆర్పీ చూసి వచ్చే వారం కథ మారిపోతుంది. హీరో, హీరోయిన్లలో చాలామంది కర్ణాటక, కేరళ నుంచి వచ్చి వెళుతుంటారు, ఒకేసారి రెండు మూడు భాషల్లో చేసేవాళ్లూ ఉంటారు. డేట్లు కుదరకపోతే ఆ వారం వాళ్లు లేకుండానే రాయాలి. ఛానెల్ టైమ్ మార్చేస్తే అలవాటు తెగిపోతుంది. ‘కార్తీకదీపం’ ఖాళీ చేసిన ఏడున్నర స్లాట్‌లో 2023 జనవరి 24న వచ్చిన ‘బ్రహ్మముడి’ టాప్‌లో నడిచి, 2024లో మధ్యాహ్నం ఒంటిగంటకు మారింది. ఉద్యోగం నుంచి వచ్చి చూసేవాళ్లకి ఇక ఫోనే దిక్కు. ఇవన్నీ అభిమానికి పైకి కనిపించవు. ‘ఇలా రాస్తే సరిపోతుందిగా’ అని చెప్పడం సులువు, రోజూ రాయడం వేరు.

అయినా, ఈ ఒత్తిడిలోనే చేయగలిగిన పనులు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది రహస్యాల సంగతి. ప్రేక్షకులకు తెలిసి పాత్రలకు తెలియని నిజాన్ని ఏళ్ల పాటు దాచడం వల్ల సన్నివేశాలు దొరకవు, ఒకే సన్నివేశం మళ్లీ మళ్లీ వస్తుంది. అదే నిజం ముందు తాతకి, కొన్నాళ్లకు ఆడపడుచుకి, తర్వాత అత్తకి తెలిస్తే, తెలిసిన ప్రతి మనిషితో ఇల్లు కొంచెం మారుతుంది. ఒకరు చెప్పలేక నలిగిపోతారు, ఒకరు దాన్ని వాడుకుంటారు, ఒకరు ఎదురు తిరుగుతారు. దాచడంలో కంటే విప్పడంలో ఎక్కువ కథ ఉంది.

విలన్ కూడా నిజంగా ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. మోనిత జైలుకి వెళ్లినా తిరిగి వస్తుందని అందరికీ తెలిసిపోయాక ఆమె అరెస్టు చూసి ఎవరూ సంబరపడలేదు. శోభా శెట్టి ఆ పాత్రని అద్భుతంగా చేశారు, అలాంటి నటి ఉన్నప్పుడు ఓడిపోయిన మోనితని చూపించే ధైర్యం చేయాల్సింది. పేరు పోయి, ప్రాక్టీసు పోయి, అద్దె గదిలో ఒంటరిగా ఉన్న మోనిత ఇంకో పన్నాగం వేసే మోనిత కంటే కొత్తగా ఉండేది.

ఇక మనుషుల పని. దీప వంట చేసేటప్పుడు కథ బాగుండేది, ఎందుకంటే ఆమెకి బేరాలు, డబ్బు లెక్కలు, తెల్లవారుజామున లేవడం ఉండేవి. సీరియల్ నీరసించే కొద్దీ అందరూ హాల్లో నిలబడి మాట్లాడుకోవడమే మిగులుతుంది. ఒక మాటకి ఐదుగురి ముఖాలూ మూడేసి సార్లు చూపించడం, నిన్నటి సన్నివేశాన్ని ఫ్లాష్‌బ్యాక్‌గా మళ్లీ వేయడం ఎపిసోడ్ నిడివి నింపుతాయేమో గానీ, ఫోన్‌లో జియోహాట్‌స్టార్ చూసేవాళ్లు వాటిని జరిపేసి నాలుగు నిమిషాల్లో ముగించేస్తున్నారు.

ముగింపు తేదీ ముందే చెప్పడం మన ఛానెళ్లకు అలవాటు లేదు. లాటిన్ అమెరికాలో టెలినొవెలాలు ఎక్కువగా కొన్ని నెలల్లో, తేల్చుకున్న ముగింపుతో అయిపోతాయి. చివరి వారం చూడటం అక్కడ పండగ లాంటిది. మన దగ్గర సంవత్సరాలు నడవడం తప్పేమీ కాదు. ఈటీవీలో 2008లో మొదలైన ‘అభిషేకం’ 4000 ఎపిసోడ్లు నడిచి 2022లో ముగిసింది. కానీ దిగజారుతున్న సీరియల్‌కి ‘ఇంకో వంద ఎపిసోడ్లలో పూర్తి’ అని ప్రకటిస్తే, మానేసిన వాళ్లలో చాలామంది చివర చూడటానికి వస్తారు. రాసేవాళ్లకి కూడా ప్రతి ముడి ఎక్కడ విప్పాలో తెలుస్తుంది.

2024 మార్చి 25న ‘కార్తీకదీపం ఇది నవవసంతం’ పేరుతో రెండో సీజన్ వచ్చింది. దర్శకుడు కాపుగంటి రాజేంద్రే, దీప, కార్తీక్ పాత్రల్లో మళ్లీ ప్రేమీ విశ్వనాథ్, నిరుపమే. పాత కథను కొనసాగించకుండా అవే పేర్లతో కొత్త కథ మొదలుపెట్టారు. ఆ నిర్ణయం తెలివైనది. యాక్సిడెంటు, కోమా, మతిమరుపు అన్నిటినీ వివరించే బాధ తప్పింది, జనం ఎవరి కోసం వచ్చారో ఆ ఇద్దరూ మొదటి రోజు నుంచే తెర మీద ఉన్నారు. సీరియల్ వెంటనే రేటింగ్స్‌లో పైకి చేరింది. వాళ్లిద్దరూ లేకుండా ఆ పేరు నిలబడదని 2022లోనే చెప్పిన ప్రేక్షకుల మాట రుజువైంది.

అయితే ఈ కథ కూడా ఒక పెద్ద రహస్యం మీదే నిలబడింది. శివన్నారాయణ ఇంటి అసలు వారసురాలు దీప, ఆ స్థానంలో పెరుగుతున్నది జ్యోత్స్న. పసిబిడ్డలుగా ఉన్నప్పుడే శివన్నారాయణ భార్య పారిజాతం ఇద్దరినీ మార్చేసింది. ఈ సంగతి చూసేవాళ్లకి ముందే తెలుసు, కన్నతల్లి సుమిత్రకి తెలియకుండానే కథ చాలా దూరం నడిచింది. పైగా ఆ తల్లి తన కూతురినే ద్వేషించే పరిస్థితి కూడా వచ్చింది. మొదటి సీజన్‌లో కార్తీక్ అనుమానానికి జరిగింది దీనికి జరగకూడదంటే, నిజం ఎప్పుడు తెలియాలి అన్నదానితో పాటు, తెలిసిన మర్నాడు పొద్దున ఆ ఇంట్లో ఏం జరుగుతుందో కూడా రాసేవాళ్లు ఇప్పుడే తేల్చుకోవాలి. సుమిత్ర దీప ముందుకి ఎలా వస్తుంది, ఇన్నేళ్లు కూతురిగా పెంచిన జ్యోత్స్నని ఏమని పిలుస్తుంది, మనవరాలు సౌర్య ఆమెను అమ్మమ్మా అంటుందా లేదా. ఈ సన్నివేశాలకి కనీసం ఆరు నెలలు ఇవ్వాలి, ఆ ఆరు నెలల్లో కొత్త విలన్ రాకూడదు.